నర్సీపట్నం – లంబసింగి దారి: మన్యం పర్యాటకానికి పూర్వచరిత్ర

వ్యాససంగ్రహం:
విశాఖ మన్యంలోని లంబసింగి, అరకు, బొర్రా, వంజంగి వంటి ప్రదేశాలు నేడు తెలుగువారి విహారకేంద్రాలు. వీటిని గురించిన ప్రచారసాహిత్యం ప్రకృతిసౌందర్యాన్ని వర్ణిస్తుంది గాని, ఆ ప్రదేశాలకు దారులు ఎలా పడ్డాయో, ఆ నేల ఎవరిదో చెప్పదు. నక్కపల్లి, నర్సీపట్నం ప్రాంతాల నుంచి లంబసింగికి వెళ్లే దారిని ప్రధాన ఆధారంగా తీసుకొని, మన్యం పర్యాటకానికి ముందున్న శ్రమచరిత్రను, భూచట్టాల చరిత్రను, స్థలనామాల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆదివాసీని ప్రదర్శనవస్తువుగా కాక ఆతిథేయిగా గుర్తించవలసిన బాధ్యత ఈ మూడు చరిత్రల నుంచే ఏర్పడుతుందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విశాఖ మన్యం, లంబసింగి, బొర్రా, పితూరీ, 1/70 చట్టం, సమత తీర్పు, ధింసా, పర్యాటకం.

1. ప్రవేశిక:
అనకాపల్లి జిల్లాలోని నక్కపల్లి కోల్‌కతా – చెన్నై జాతీయ రహదారిపై ఉన్న మండలకేంద్రం. దీనికి సమీపంలోని అడ్డురోడ్డు కూడలి వద్ద రహదారిని విడిచి కోటవురట్ల మీదుగా ప్రయాణిస్తే నర్సీపట్నం వస్తుంది. అక్కడి నుంచి డౌనూరు దాటాక ఘాట్‌రోడ్డు మొదలవుతుంది. ఆ ఘాట్‌ పైన ఉన్నది లంబసింగి. విజయవాడ – విశాఖపట్నం రైలుమార్గంలో 'నర్సీపట్నం రోడ్డు' అనే పేరుతోనే ఒక స్టేషన్ ఉంది. కోస్తా మైదానం నుంచి గూడెం కొండలకు నర్సీపట్నం వాకిలి వంటిదన్న సంగతిని ఆ పేరు సూచిస్తుంది.

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో పూర్వపు విశాఖపట్నం జిల్లా మూడుగా విడిపోయింది. మైదానభాగంలో ఎక్కువ ప్రాంతం అనకాపల్లి జిల్లాగాను, పాడేరు కేంద్రంగా మన్యభాగం అల్లూరి సీతారామరాజు జిల్లాగాను ఏర్పడ్డాయి. పాలనాపరంగా ఈ రెండూ వేరైనా, శీతకాలపు సెలవుదినాల్లో వేకువనే మైదానం నుంచి కొండకు ఎక్కే వాహనాల వరుస వీటిని కలుపుతూనే ఉంది. ఈ ప్రయాణికులలో అత్యధికులకు లంబసింగి ఒక 'కొత్త' ప్రదేశం. దారికి మాత్రం నూరేళ్లకు మించిన చరిత్ర ఉంది.

2. రాకపోకల పాత పద్ధతులు:
మైదానవాసులు మన్యానికి వెళ్లడం పర్యాటకంతో మొదలైనది కాదు. సంతకు వెళ్లే వర్తకుడు, అప్పులిచ్చే సాహుకారు, కలప గుత్తేదారు, అటవీ ఉద్యోగి, పోలీసు వరుసగా ఈ దారిన నడిచినవారే. వారి రాకకు వ్యాపారమో అధికారమో కారణం. చూడడానికి మాత్రమే వచ్చేవాడు ఈ వరుసలో చివరివాడు. మన్యవాసి అతనిని ఏ దృష్టితో చూస్తాడన్నది ముందు వచ్చినవారి ప్రవర్తనపై కూడా ఆధారపడి ఉంటుంది.

మైదానంలో సందర్శనకు వేరే సంప్రదాయం ఉంది. ఉత్తరాంధ్రలో గ్రామదేవత జాతరను 'తీర్థం' అంటారు. తీర్థానికి వెళ్లేవాడు ఒక ఊరికి, ఒక దేవతకు అతిథి. నక్కపల్లి మండలంలోని ఉపమాక వేంకటేశ్వరస్వామి ఆలయానికి వెళ్లేవారు చెప్పులు ఎక్కడ విడవాలో, ఏది తాకవచ్చో, ఏది తాకరాదో ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటారు. ఆ స్థలానికి ఒక యాజమాన్యం, ఒక ఆచారం ఉన్నాయన్న ఎరుక వారిలో ముందే ఉంటుంది.

మన్యంలోనూ ఇటువంటి స్థలాలు అనేకం. హుకుంపేట మండలంలోని మత్స్యగుండంలో చేపలను స్థానికులు దైవస్వరూపాలుగా భావిస్తారు, వాటిని పట్టరు. పాడేరు మోదకొండమ్మ జాతరకు మన్యం నలుమూలల నుంచి జనం వస్తారు. చైత్రమాసంలో వచ్చే ఇటుకల పండుగలో పురుషులు వేటకు వెళ్తే, స్త్రీలు దారికి కర్ర అడ్డంపెట్టి వచ్చేపోయేవారి నుంచి కొంత సొమ్ము అడిగి తీసుకుంటారు. దీనిని వినోదంగా భావించే ప్రయాణికులు ఉన్నారు, విసుక్కునేవారూ ఉన్నారు. ఆచారదృష్టితో చూస్తే ఇది ఊరిపొలిమేరను గుర్తుచేసే చర్య. ఈ నేల మీదుగా వెళ్లేవారు ఈ ఊరి పండుగలో భాగం పంచుకోవాలన్న భావన అందులో ఉంది. ఉపమాకలో ఎంతో జాగ్రత్తగా మెలిగే అదే సందర్శకుడు కొండ ఎక్కిన తరువాత తాను ఎవరికీ చెందని అడవిలోకి వచ్చానని భావించడానికి కారణం ఏమిటన్నది చరిత్రలోనే వెదకాలి.

3. 'ఏజెన్సీ' అనే మాట:
మన్యానికి పర్యాయంగా వాడుకలో స్థిరపడిన 'ఏజెన్సీ' వలసపాలన ఇచ్చిన పదం. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాలను సాధారణ న్యాయపాలన నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరుకు 'ఏజెంటు'గా నియమిస్తూ 1839లో 24వ చట్టం వచ్చింది. ఏజెంటు పాలించే ప్రాంతం ఏజెన్సీ అయింది. 1874 నాటి షెడ్యూల్డు జిల్లాల చట్టం, 1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలోని పాక్షిక మినహాయింపు ప్రాంతాలు, రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు ఈ ప్రత్యేక ప్రతిపత్తిని వేర్వేరు ఉద్దేశాలతో కొనసాగించాయి.

కార్మైకేల్ 1869లో వెలువరించిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్ నుంచి ఫ్రాన్సిస్ రచించిన 1907 నాటి జిల్లా గెజిటీరు వరకు, ఆంగ్లేయ అధికారుల రచనలలో మన్యం పన్ను రాబట్టవలసిన, తిరుగుబాట్లు అణచవలసిన ప్రాంతం. అక్కడి జ్వరాలకు మైదానపు ఉద్యోగులు, సిపాయిలు భయపడేవారు. నేడు 'ఆరోగ్యకరమైన చల్లని గాలి' కోసం వెళ్లే కొండనే నూరేళ్ల క్రితం ప్రాణాంతకమని తప్పించుకునేవారు. మలేరియా నివారణ, రవాణా, వైద్యం ఈ మార్పును సాధ్యం చేశాయి. కాబట్టి 'అందమైన మన్యం' అన్న భావన అనాదిగా ఉన్నది కాదు, ఇటీవలి చరిత్రలో రూపొందినది.

4. దారి, కూలి, పితూరీ:
1882 నాటి మద్రాసు అటవీ చట్టం తరువాత రిజర్వు అడవుల విస్తరణ పోడు వ్యవసాయాన్ని, అటవీ ఫలసాయాన్ని నిర్బంధించింది. అంతకుముందే, 1879లో ఆరంభమైన రంప పితూరీ గూడెం కొండలకూ వ్యాపించింది. పాత ముఠాదారుల అధికారం క్రమంగా క్షీణించింది. ఈ నేపథ్యంలో ఇరవయ్యో శతాబ్ది రెండవ, మూడవ దశకాలలో నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు రోడ్డు నిర్మాణం సాగింది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ ఈ పనికి కొండవారిని బలవంతంగా రప్పించి, న్యాయమైన కూలి ఇవ్వక వేధించాడని 1922 పితూరీ చరిత్రకారులు పేర్కొన్నారు. పోడుపై ఆంక్షలతో జీవనాధారం కోల్పోతున్నవారిపైనే దారి వేసే భారమూ పడింది.

అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో గాం గంటందొర, గాం మల్లుదొర తదితరులు చేరిన ఉద్యమం 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుస్టేషనుపై దాడితో మొదలైంది. మరునాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లు దాడికి గురయ్యాయి. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్లేయ అధికారులు మరణించారు. 1924 మే 7న కొయ్యూరు ప్రాంతంలో సీతారామరాజును కాల్చిచంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఆ గ్రామం నేడు అనకాపల్లి జిల్లాలోని గొలుగొండ మండలంలో చేరింది. గాం మల్లుదొర సుదీర్ఘ కారాగారవాసం అనంతరం తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు.

ఈ ఉద్యమాన్ని నాయకుని వీరగాథగా చెప్పుకోవడం తెలుగునాట స్థిరపడింది. దాని కారణాలలో ఒకటైన రోడ్డు మాత్రం స్మృతిలో వెనుకబడింది. ఘాట్‌రోడ్డు మలుపుల వద్ద ఆగి ఛాయాచిత్రాలు తీసుకునే సందర్శకుడు ఆ మార్గాన్ని ప్రకృతిలో భాగంగానే చూస్తాడు. తరువాతి కాలంలో ఆ మార్గాన్ని ఎన్నిసార్లు విస్తరించినా, దాని తొలిరూపంలో ఉన్నది కొండవారి శ్రమ. కేంద్ర ప్రభుత్వం మంజూరుచేసిన గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియానికి లంబసింగి ప్రాంతాన్నే ఎంపిక చేయడం చారిత్రకంగా సముచితం. తుపాకులు, చిత్రపటాల సరసన ఈ రోడ్డు కూలీల చరిత్ర కూడా అందులో చోటుచేసుకుంటేనే ఆ ఎంపికకు సార్థకత.

5. బొర్రా: 'కనుగొనడం' అనే కథనం:
మన్యానికి రెండవ వాకిలి రైలుమార్గం. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవు ద్వారా జపానుకు ఎగుమతి చేయడానికి 1960వ దశకంలో కొత్తవలస – కిరండూల్ మార్గాన్ని నిర్మించారు. ఖనిజం కోసం తొలిచిన సొరంగాలే తరువాత విహారయాత్రకు ఆకర్షణలయ్యాయి. 2017 ఏప్రిల్‌లో ఈ మార్గంలో అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ బోగీ ప్రవేశించింది. రోడ్డు విషయంలో పాలనావసరం, రైలు విషయంలో ఖనిజావసరం ముందు వచ్చాయి. రెండింటా పర్యాటకం ఆ తరువాతిదే.

ఈ మార్గంలోని బొర్రా గుహలను 1807లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ కనుగొన్నాడన్న వాక్యం పర్యాటక కరపత్రాలలో, పత్రికలలో, పాఠ్యసామగ్రిలో సైతం విరివిగా కనిపిస్తుంది. ఆ సంస్థ స్థాపితమైనది 1851లో. అంటే సంస్థ పుట్టడానికి 44 ఏళ్ల ముందే దాని ఉద్యోగి గుహలను కనుగొన్నట్లు ఈ వాక్యం చెబుతున్నది. కాలగణనలోనే నిలవని ఈ సమాచారం ప్రశ్నకు గురికాకుండా పునరావృతం కావడం గమనార్హం. సంస్థ పేరో సంవత్సరమో సరిచేసినంత మాత్రాన సమస్య తీరదు. గోస్తనీ నది పుట్టుకతో ముడిపడిన ఆ గుహలు చుట్టుపక్కల గ్రామాలవారికి అంతకుముందు తెలియవన్న భావన 'కనుగొన్నాడు' అనే క్రియలోనే ఉంది.

స్థానిక కథనం వేరు. మేతకు వెళ్లిన ఆవు ఒకటి కొండపైని రంధ్రం గుండా గుహలో పడింది. దానిని వెదుకుతూ వెళ్లిన పశువులకాపరికి లోపల లింగాకారపు రాయి కనిపించింది. ఆవును కాపాడినది ఆ దైవమేనని నమ్మి ఊరివారు పూజలు చేశారు. ఈ కథను చారిత్రక సాక్ష్యంగా స్వీకరించనక్కరలేదు. అయితే ఇది గుహను జీవనంలో, పశుపోషణలో, ఆరాధనలో భాగంగా చూపుతుంది. శివరాత్రికి పరిసర గ్రామాల ప్రజలు అక్కడికి రావడం దానికి కొనసాగింపు. కరపత్రంలో మొదటి కథనం 'చరిత్ర'గాను, రెండవది 'ఐతిహ్యం'గాను స్థానం పొందుతున్నాయి. మొదటిది తేదీల పరీక్షకు నిలవదు కాబట్టి ఈ శ్రేణీకరణను పరిశోధకులు పునఃపరిశీలించాలి.

6. లంబసింగి: పేరు, చలి, నృత్యం:
సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగి 2010వ దశకంలో పత్రికలు, దృశ్యమాధ్యమాల ద్వారా 'ఆంధ్రా కాశ్మీర్'గా ప్రసిద్ధికెక్కింది. దీనికి స్థానికులు చెప్పే మరొక పేరు 'కొర్రబయలు'. కొర్ర అంటే కర్ర. బయట నిలిస్తే మనిషి కర్రలా బిగుసుకుపోతాడన్నది స్థానికుల వివరణ. నిరుక్తి ఏదైనా, ఆ పేరులో చలి ఒక దృశ్యం కాదు, శరీరం అనుభవించే బాధ. మైదానవాసి పెట్టిన పేరు దూరపు ప్రదేశంతో పోలిక. కొండవాసి పెట్టిన పేరు తన బ్రతుకులోని అనుభవం. అక్కడ కనిపించేది పొగమంచు, తీవ్రమైన చలిలో గడ్డిపై పేరుకునే మంచుపొర. కాశ్మీరు పోలికను నమ్మి హిమపాతం కోసం వచ్చేవారి నిరాశకు ఆ ఊరు బాధ్యత వహించదు.

కళారూపాల విషయంలోనూ ఇదే జరిగింది. ధింసాలో పలు భేదాలు ఉన్నాయి. బోడ ధింసా గ్రామదేవతారాధనకు సంబంధించినది. భాగ్ ధింసా పులి బారినుంచి తప్పించుకోవడాన్ని అభినయిస్తుంది. బాయ ధింసా పూనకానికి సంబంధించినది. ప్రతిదానికీ సందర్భం ఉంది. విహారకేంద్రాల రంగస్థలాలపై ఇవన్నీ కొద్ది నిమిషాల 'గిరిజన నృత్యం'గా కుదించుకుపోతున్నాయి. ప్రదర్శన కళాకారులకు ఆదాయాన్నిస్తుంది, కాబట్టి దానిని తృణీకరించరాదు. ఏ భేదాన్ని వేదికపై చూపవచ్చు, దేనిని పండుగకే పరిమితం చేయాలి అన్న నిర్ణయం మాత్రం ఆ సమాజానిదే కావాలి.

7. చట్టదృష్టిలో ఆతిథేయి:
1917 నాటి ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదిలీ చట్టం గిరిజన భూముల అన్యాక్రాంతాన్ని అరికట్టడానికి తొలి ప్రయత్నం. 1959లో వచ్చిన ఒకటవ రెగ్యులేషనును 1970 నాటి ఒకటవ రెగ్యులేషను సవరించింది. వాడుకలో ఇదే '1/70 చట్టం'. దీని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తిని ఎవరు బదిలీ చేసినా అది షెడ్యూల్డు తెగల వ్యక్తికో, కేవలం ఆ తెగల సభ్యులతో కూడిన సహకార సంఘానికో కావాలి. లేకుంటే చెల్లదు. 'బదిలీ' అన్న పదానికి చట్టం ఇచ్చిన నిర్వచనం విస్తృతమైనది. అమ్మకం, దానం, తనఖాతోపాటు కౌలు కూడా అందులో ఉంది. గిరిజనేతరుని ఆధీనంలో ఉన్న ఆస్తి, అందుకు విరుద్ధంగా రుజువయ్యేవరకు, గిరిజనుల నుంచి సంక్రమించినదిగానే చట్టం భావిస్తుంది.

విహారకేంద్రాల విస్తరణకు దీని అన్వయం స్పష్టం. కొండ అంచున గుడారాలు వేయడానికి గిరిజనేతరుడు తీసుకునే కౌలు కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. గిరిజనుని పేరు ముందుంచి, పెట్టుబడి, లాభం, నిర్వహణ వేరొకరు ఉంచుకునే బినామీ ఏర్పాటు చట్టం ఉద్దేశాన్నే వమ్ముచేస్తుంది.

ఈ అంశంపై జాతీయస్థాయిలో ప్రమాణమైన తీర్పు బొర్రా పంచాయతీ నుంచే రావడం విశేషం. అనంతగిరి మండలంలోని ఆ పరిసరాలలో గనుల లీజులను 'సమత' అనే సంస్థ సవాలు చేయగా, 1997 జూలై 11న సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు వెలువరించింది. చట్టంలోని 'వ్యక్తి' అన్న పదంలో ప్రభుత్వం కూడా చేరుతుందని, కాబట్టి ప్రభుత్వభూములనైనా గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని ధర్మాసనం వ్యాఖ్యానించింది. నికరలాభంలో కనీసం 20 శాతాన్ని స్థానిక అభివృద్ధి అవసరాలకు కేటాయించాలన్న సూచన కూడా ఆ తీర్పులో ఉంది. ఆ సూచన గనులు, పరిశ్రమల సందర్భంలోనిది. ఖనిజం తవ్వి తీసుకునేవారికి వర్తించే ఈ న్యాయం, గుహను చూపి రుసుము తీసుకునేవారికీ నైతికంగా వర్తించాలన్న వాదనకు బలం ఉంది. రెండు సందర్భాల్లోనూ ఆదాయానికి మూలం అదే కొండ.

1996 నాటి పెసా చట్టం సంప్రదాయాలను, సాంస్కృతిక అస్తిత్వాన్ని, ఉమ్మడి వనరులను కాపాడే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 2006 నాటి అటవీహక్కుల చట్టం సామూహిక అటవీ వనరుల సంరక్షణను హక్కుగా గుర్తించింది. ఒక జలపాతం వద్ద ఎంతమందిని అనుమతించాలి, ఏ గుట్టపైకి వెళ్లరాదు, రుసుము ఎవరు వసూలు చేయాలి అన్న ప్రశ్నలకు గ్రామసభ ఆధారం కావడానికి అవసరమైన చట్టబలం దీనివల్ల ఇప్పటికే ఉంది. గోదావరి మన్యంలోని మారేడుమిల్లి వద్ద వలమూరు వనసంరక్షణ సమితి భాగస్వామ్యంతో అటవీశాఖ నడిపిన పర్యాటక శిబిరం ఈ దిశలో ఒక ఉదాహరణ.

8. ఉలూరు అనుభవం:
ఇటువంటి సమస్యను మరొక దేశం ఎలా ఎదుర్కొన్నదో చూడడం ఇక్కడ ఉపకరిస్తుంది. ఆస్ట్రేలియా మధ్యభాగంలోని మహాశిల 'ఉలూరు' అనంగు ప్రజలకు పవిత్రస్థలం. 1873లో దానిని చూసిన గాస్ అనే సర్వేయరు 'ఎయర్స్ రాక్' అని పేరుపెట్టాడు. ప్రపంచానికి చాలాకాలం ఆ పేరే తెలుసు. 1985 అక్టోబరు 26న ప్రభుత్వం ఆ నేలపై అనంగుల యాజమాన్యాన్ని గుర్తించింది. వారు దానిని జాతీయవనంగా 99 ఏళ్లకు తిరిగి లీజుకిచ్చి, ఉమ్మడి నిర్వహణలో పాల్గొన్నారు. శిలను ఎక్కవద్దన్న వారి విన్నపం దశాబ్దాలపాటు విన్నపంగానే మిగిలి, చివరకు 2019 అక్టోబరు 26న నిషేధంగా మారింది. సందర్శకులు నేటికీ అక్కడికి వస్తున్నారు. ఎక్కడం మాత్రం ఆగింది.

ఈ ఉదాహరణను మన్యానికి యథాతథంగా అన్వయించడం కుదరదు. అక్కడ యాజమాన్యం ముందు వచ్చి, ఆచారానికి మన్నన తరువాత లభించింది. ఇక్కడ భూమి బదిలీపై అంతకన్నా ముందే కట్టుదిట్టమైన చట్టం ఉంది. దానిని సందర్శన నియమాలుగా మలిచే ప్రయత్నమే కొరవడింది.

9. ముగింపు:
నర్సీపట్నం – లంబసింగి దారి చరిత్రను పరిశీలించినప్పుడు మూడు అంశాలు స్పష్టమవుతున్నాయి. మన్యం పర్యాటకానికి ఆధారమైన మార్గాలు పాలన, ఖనిజ అవసరాల కోసం పడినవి. అందులో రోడ్డు కొండవారి బలవంతపు శ్రమపై నిలిచింది. రెండవది, 'కనుగొన్నారు', 'ఆంధ్రా కాశ్మీర్' వంటి పదజాలం స్థానికుల పరిజ్ఞానాన్ని, వారు పెట్టుకున్న పేర్లను పక్కకు నెట్టింది. మూడవది, చట్టదృష్టిలో మన్యం యజమాని లేని అడవి కాదు. ఆ నేలపై అక్కడి తెగలకు ప్రత్యేక రక్షణ, వారి గ్రామసభలకు అధికారం ఉన్నాయి.

ఈ ఫలితాల నుంచి విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలు చేపట్టదగిన పనులు కొన్ని ఉన్నాయి. మన్యం స్థలనామాలను, వాటికి స్థానికులిచ్చే వివరణలను ఊరూరా సేకరించాలి. రోడ్డు కూలీల వారసుల మౌఖికచరిత్రను నమోదు చేయాలి. పర్యాటక సాహిత్యంలోని తేదీలను, పేర్లను మూలాధారాలతో సరిచూసి ప్రచురించాలి. నక్కపల్లి నుంచి కొండ ఎక్కే విద్యార్థి బృందానికి ఈ సమాచారం ముందుగా అందితే, దారికి కర్ర అడ్డంపెట్టిన స్త్రీ ఎవరో, ఎందుకు అడుగుతున్నదో వారికి తెలుస్తుంది.